ప్లేన్ రెక్క ఊగితే భయపడాలా? మన వైబ్రేషన్స్ టెక్స్ట్‌బుక్ రాసిన ఎస్.ఎస్. రావు గారి కథ

ఈ ఎపిసోడ్ శంషాబాద్ నుంచే రికార్డ్ చేస్తున్నా. వెనకాల సౌండ్ వినిపిస్తోంది కదా, అది మైక్ ప్రాబ్లం కాదు, ఫ్లైట్ టేకాఫ్. మామిడిపల్లి వైపు, ఎయిర్‌పోర్ట్ గోడకు ఇవతల నిలబడ్డా. ప్లేన్ లేచినప్పుడల్లా కొంచెం ఆగుతా, ఏమనుకోవద్దు.

ఇక్కడికి ఎందుకొచ్చానంటే, ఒక ప్రశ్న కోసం. అది నాది కాదు, మా అమ్మది.

పోయిన ఏడాది అమ్మను మొదటిసారి ఫ్లైట్ ఎక్కించా. ఇక్కడి నుంచే, కాశీకి. విండో సీట్ కావాలంది, ఇప్పించా. అది సరిగ్గా రెక్క పక్కన పడింది. రన్‌వే మీద స్పీడ్ అందుకుని గాల్లోకి లేవగానే రెక్క చివర పైకి వంగింది. మబ్బుల్లోకి వెళ్లాక పైకీ కిందకీ ఊగడం మొదలుపెట్టింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరేయ్, గా రెక్క జూడు, ఎట్ల ఊగుతుందో. ఇరిగిపోదు గదరా?"

"ఏం కాదమ్మా, అది అట్లనే ఉంటది."

"అట్లనే ఎందుకుంటది? ఇంజనీరింగ్ సదివినవ్ గదా, జెప్పు."

ఫ్రెండ్స్, నేను బీటెక్ మెకానికల్. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ జాబ్. మనలో చాలామంది కథ ఇదే. వైబ్రేషన్స్ అని ఒక సబ్జెక్ట్ ఉండేది, అందులో మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ రోజు ఒక్క వాక్యం కూడా చెప్పలేకపోయా. అమ్మ కాశీ దాకా కళ్లు మూసుకునే కూర్చుంది. కిందికి దిగాక విశ్వనాథుడికి మొక్కింది నా కోసమా, రెక్క కోసమా అన్నది ఇప్పటికీ డౌటే.

ఇంటికొచ్చాక అటక మీద నుంచి ఆ సబ్జెక్ట్ పుస్తకం దించా. 'మెకానికల్ వైబ్రేషన్స్', రచయిత సింగిరేసు ఎస్. రావు. మనమంతా "ఎస్ ఎస్ రావు బుక్" అంటాం చూడండి, అదే. పరీక్ష ముందు రెండు యూనిట్లు జిరాక్స్ తీసి బట్టీ కొట్టిన పుస్తకం. ఈసారి మొదటి పేజీల నుంచి చూశా. అంకితం శ్రీ వేంకటేశ్వర స్వామికి! అప్పుడు అనిపించింది, ఎవరీయన? నాలుగేళ్లు బ్యాగులో మోసి, ఒక్కసారి కూడా అడగలేదు కదా అని.

ఎవరీ రావు గారు?

సింగిరేసు ఎస్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో బీఈ చేశారు. అప్పట్లో అది ఐదేళ్ల కోర్సు. యూనివర్సిటీ పరిధిలోని అన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లో, అన్ని బ్రాంచిల్లో కలిపి, ఐదేళ్లూ ఫస్ట్ ర్యాంక్ వచ్చినందుకు ఆయనకు వేపా కృష్ణమూర్తి గోల్డ్ మెడల్ ఇచ్చారు. తర్వాత ఐఐటీ కాన్పూర్‌లో ఎంటెక్. అక్కడి నుంచి అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ.

ఆ పీహెచ్‌డీ దేని మీదో తెలుసా? విమానం రెక్క మీద! రెక్క నిర్మాణాన్ని కంప్యూటర్‌తో, ఆటోమేటిక్‌గా, వీలైనంత బాగా డిజైన్ చేయడం ఎలా అన్నది. ఆ థీసిస్ నుంచి రాసిన పేపర్‌కు జేమ్స్ ఎఫ్. లింకన్ డిజైన్ పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అది అమెరికా, కెనడాల్లోని ఎంఎస్, పీహెచ్‌డీ విద్యార్థులందరికీ పెట్టిన పోటీ.

అంటే అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడంతోనే ఆ పుస్తకం రాసినాయన కెరీర్ మొదలైంది. నేను అదే పుస్తకం చదివి పాసై, జవాబు చెప్పలేకపోయా. ఇది నాకు గట్టిగానే తగిలింది. సరే, ఇప్పుడు చెప్పుకుందాం.

ముందు మీ ఫోన్ సంగతి

ఈ ఎపిసోడ్ మీరు ఫోన్‌లోనే చూస్తుంటారు. దాన్ని వైబ్రేట్ మోడ్‌లో పెట్టండి. లోపల ఏం జరుగుతోంది?

తక్కువ ధర ఫోన్లలో చిన్న మోటర్ ఉంటుంది, దాని ఇరుసుకు ఒక పక్కకే బరువు తగిలించి ఉంటుంది. అది గిర్రున తిరిగితే ఫోన్ వణుకుతుంది. కొంచెం మంచి ఫోన్లలో పద్ధతి వేరు. ఒక చిన్న బరువు, దానికి ఒక స్ప్రింగ్. కరెంట్‌తో ఆ బరువును అటూ ఇటూ ఊపుతారు. ఎంత స్పీడ్‌తో? ఆ స్ప్రింగ్, ఆ బరువు కలిసి సహజంగా ఏ స్పీడ్‌లో ఊగుతాయో సరిగ్గా అదే స్పీడ్‌తో. చాలా ఫోన్లలో అది సెకనుకు 150 నుంచి 200 సార్ల దగ్గర ఉంటుంది. దీన్నే నేచురల్ ఫ్రీక్వెన్సీ అంటారు. ఆ స్పీడ్‌లో ఊపితే కొంచెం కరెంట్‌కే పెద్ద వణుకు వస్తుంది. ఇదే రెజొనెన్స్.

ఉయ్యాలలో పిల్లను ఊపేటప్పుడు మనం చేసేది కూడా ఇదే. వెనక్కి వచ్చిన ప్రతిసారీ, సరైన క్షణంలో, చిన్న తోపు. నాలుగు తోపులకే ఉయ్యాల పైకి వెళ్లిపోతుంది. టైమింగ్ తప్పితే ఎంత బలంగా తోసినా లాభం లేదు.

నేచురల్ ఫ్రీక్వెన్సీని నిర్ణయించేవి రెండే. ఎంత గట్టిగా ఉంది, ఎంత బరువుంది. గట్టిదనాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేది దాని ఆధారం. గట్టిదనం నాలుగింతలు చేస్తే ఫ్రీక్వెన్సీ రెండింతలవుతుంది. బరువు నాలుగింతలు చేస్తే సగమవుతుంది. అంతే. పుస్తకంలో మొదటి వంద పేజీల సారం చాలావరకు ఇదే.

ఇంకో ఉదాహరణ. ఆరాంఘర్ నుంచి శంషాబాద్‌కు పాత ఆర్డినరీ బస్సు ఎక్కారా? స్టాప్‌లో ఆగినప్పుడు కిటికీ అద్దాలు గడగడలాడుతాయి, కదలగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 600 సార్లు తిరుగుతోంది అనుకుందాం, అంటే సెకనుకు 10. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో తిరుగుడుకు మూడుసార్లు డీజిల్ మండుతుంది. అంటే సెకనుకు 30 తోపులు, 30 హెర్ట్జ్. కిటికీ ఫ్రేమ్ నేచురల్ ఫ్రీక్వెన్సీ ఆ దగ్గర్లో ఉంటే, గడగడ. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే ఆ లెక్క తప్పుతుంది, అద్దం సైలెంట్ అవుతుంది.

అంటే ఫోన్‌లో రెజొనెన్స్ మన పనివాడు. బస్సులో చికాకు. మరి ప్లేన్ రెక్కలో?

రెక్క వంగడం వేరు, రెక్క విరగడం వేరు

ముందు అమ్మ భయం సంగతి. రెక్క వంగేలాగే కడతారు. సర్వీసులో ఎదురయ్యే అత్యధిక లోడ్ ఎంతో లెక్కగట్టి, దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటుందని చూపించాలి, రూల్ అది. బోయింగ్ 777 కోసం 1995లో రెక్కను కావాలనే విరిగేదాకా వంచి చూశారు. రెక్క చివర సుమారు 7 మీటర్లు పైకి లేచింది. అంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు. అప్పుడు గానీ విరగలేదు, అదీ 154 శాతం లోడ్ దగ్గర. మబ్బుల్లో మనకు కనిపించే ఊగుడు దాని ముందు ఎంత!

అయితే అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. దాని పేరు ఫ్లటర్.

రెక్క రెండు రకాలుగా ఊగగలదు. ఒకటి, పైకీ కిందకీ వంగడం. రెండు, తడి బట్ట పిండినట్టు మెలి తిరగడం. ఈ రెండింటికీ వేరువేరు ఫ్రీక్వెన్సీలు. మామూలు స్పీడ్‌లో ఎవరి తాళం వాళ్లది, పైగా గాలే ఆ ఊగుడును అణిచేస్తుంది. కానీ స్పీడ్ పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి వల్ల ఈ రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఒక స్పీడ్ దాటాక వంగుడు, మెలి ఒకే తాళంలో పడతాయి. అక్కడి నుంచి గాలి ఊగుడును అణచదు, దానికే శక్తి పోస్తుంది. ప్రతి ఊపుకీ ఊగుడు పెద్దదవుతుంది. సెకన్లలో రెక్క పోవచ్చు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 1959 సెప్టెంబర్ 29న అమెరికాలో టెక్సాస్ మీద లాక్‌హీడ్ ఎలక్ట్రా అనే విమానం గాల్లోనే ముక్కలైంది. 34 మంది చనిపోయారు. ఆరు నెలలు తిరక్కముందే, 1960 మార్చి 17న, ఇండియానా మీద అదే మోడల్, అదే తీరు. 63 మంది. రెక్కకు ఇంజిన్‌ను పట్టి ఉంచే బిగింపులు బలహీనపడితే, ప్రొపెల్లర్ తిరుగుతూ బొంగరంలా తల ఊపడం మొదలుపెడుతుంది. ఆ తల ఊపుడు ఫ్రీక్వెన్సీ తగ్గుతూ తగ్గుతూ వచ్చి రెక్క ఫ్రీక్వెన్సీతో కలిసింది. అక్కడితో రెక్క తెగింది. దీని పేరు వర్ల్ ఫ్లటర్. నాసా లాంగ్లీ సెంటర్‌లో విండ్ టన్నెల్‌లో మోడల్ పెట్టి పరీక్షించారు. తర్వాత ఆ విమానాలన్నిటికీ ఇంజిన్ బిగింపులు, రెక్కలు గట్టి చేశారు. ఈ రోజు రూల్ ఏంటంటే, డిజైన్ చేసిన గరిష్ఠ స్పీడ్ కంటే ఇంకో 15 శాతం ఎక్కువ దాకా ఫ్లటర్ రాకూడదు.

మరి రెక్కను ఇనుప దూలంలా గట్టిగా చేసేయొచ్చు కదా?

చేయొచ్చు. కానీ గట్టిగా చేయాలంటే మెటీరియల్ పెరగాలి, బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఫ్యూయల్ పెరుగుతుంది, టికెట్ రేటు పెరుగుతుంది. పైగా బరువు పెరిగిందంటే ఫ్రీక్వెన్సీ మళ్లీ మారుతుంది. ఇక్కడ ఒక షీట్ మందం పెంచితే అక్కడ తాళం మారిపోతుంది. అలాంటి భాగాలు రెక్కలో ఎన్నో ఉంటాయి. ఏది ఎంత మందం ఉండాలి? విరగకూడదు, ముడుచుకుపోకూడదు, ఫ్రీక్వెన్సీలు కలవకూడదు, ఫ్లటర్ రాకూడదు. ఇన్ని షరతుల మధ్య బరువు మాత్రం అతి తక్కువ ఉండాలి. చేత్తో లెక్క వేస్తే జీవితాలు సరిపోవు.

రావు గారి థీసిస్ ఈ జాతి లెక్కే. ఆ కాలంలో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే మెషీన్, ప్రోగ్రామ్ అంటే చిల్లులు కొట్టిన కార్డుల కట్ట. దాంతో "నువ్వే వెతికి మంచి డిజైన్ తెచ్చిపెట్టు" అని చెప్పే పద్ధతుల మీద ఆయన పని చేశారు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌కు ఒక మాట. ఆయన ఇంకో ఫేమస్ బుక్ 'ఇంజనీరింగ్ ఆప్టిమైజేషన్'. అందులో స్టీపెస్ట్ డిసెంట్ అనే పద్ధతి ఉంటుంది. కొండ మీద నుంచి ఎటువైపు వాలు ఎక్కువుందో అటు అడుగేస్తూ లోయలోకి దిగడం. మీరు మెషీన్ లెర్నింగ్ కోర్సులో గ్రేడియంట్ డిసెంట్ అని నేర్చుకున్నారే, ఆ ఐడియానే. నేను దాన్ని ఆఫీసులో డబ్బులు పెట్టి ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకున్నా. మెకానికల్ సిలబస్‌లోనే ఉందని అప్పుడు తెలీదు.

తర్వాత ప్రశ్న: లెక్క సరే, నమ్మకం ఎంత?

చదువు తర్వాత రావు గారు ఐఐటీ కాన్పూర్‌లో పాఠాలు చెప్పారు. శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీ, పర్డ్యూ యూనివర్సిటీల్లో ప్రొఫెసర్‌గా చేశారు. నాసా లాంగ్లీలో రెండేళ్లు పరిశోధన చేశారు. తర్వాత మయామీ యూనివర్సిటీకి వెళ్లి, 1998 నుంచి 2011 దాకా అక్కడ మెకానికల్ డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉన్నారు. మధ్యలో, 1986లో, మన 'మెకానికల్ వైబ్రేషన్స్' మొదటి ఎడిషన్ వచ్చింది.

ఈ ప్రయాణంలో ఆయన ప్రశ్న కొంచెం మారింది. "ఫ్రీక్వెన్సీ ఎంత?" అనే దగ్గర ఆగలేదు. "ఆ నంబర్‌ను ఎంతవరకు నమ్మాలి?" అని అడగడం మొదలుపెట్టారు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక మెషీన్ స్టాండ్ నేచురల్ ఫ్రీక్వెన్సీ పేపర్ మీద 10 హెర్ట్జ్ వచ్చింది. దాని మీద మోటర్ సెకనుకు 10.3 సార్లు తిరుగుతుంది. "పది వేరు, పది పాయింట్ మూడు వేరు, సేఫ్" అనుకోవచ్చా? ఇప్పుడు స్టాండ్ గట్టిదనం 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, బరువు కూడా 5 శాతం అటూ ఇటూ. వెల్డింగ్ కొంచెం తేడా, షీట్ మందం కొంచెం తేడా, అంతే కదా. అప్పుడు ఫ్రీక్వెన్సీ 9.5 నుంచి 10.5 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. మీ 10.3 సరిగ్గా ఆ మధ్యలో కూర్చుంది. పేపర్ మీద సేఫ్, ఫ్యాక్టరీలో గడగడ.

ఇలా ఒకే నంబర్ బదులు "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అని లెక్క వేయడాన్ని ఇంటర్వెల్ పద్ధతి అంటారు. ఇంకా ప్రాబబిలిటీ, ఫజ్జీ లాజిక్ లాంటి దారులున్నాయి. తెలియనితనాన్ని కూడా లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయడం మీద ఆయన, ఆయన పీహెచ్‌డీ స్టూడెంట్లు ఏళ్ల తరబడి పని చేశారు. అమెరికాలోని మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ 2012లో ఆయనకు డిజైన్ ఆటోమేషన్ అవార్డు ఇచ్చింది. 2013లో వోర్సెస్టర్ రీడ్ వార్నర్ మెడల్ ఇచ్చింది. ఈ రెండోది ఇంజనీరింగ్‌లో కలకాలం నిలిచే రచనలకు ఇచ్చే మెడల్. అంటే మనం జిరాక్స్ తీసిన పుస్తకాలకు అన్నమాట.

శంషాబాద్‌లో ఈ సబ్జెక్ట్ ఎక్కడుంది?

ఈ గోడకు అవతలే ఉంది. ఈ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిలో మొదలైంది. మెయిన్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అదే ఆవరణలో జీఎంఆర్ ఏరో టెక్నిక్ అనే విమానాల రిపేర్ కేంద్రం ఉంది. ఇక్కడి ఏరోస్పేస్ పార్క్‌లో సాఫ్రాన్ కంపెనీ లీప్ ఇంజిన్ల సర్వీస్ సెంటర్ 2025 నవంబర్‌లో ప్రారంభమైంది. ఏ320 నియో లాంటి ప్లేన్లకు ఉండే ఇంజిన్ అది.

జెట్ ఇంజిన్ ముందు కనిపించే పెద్ద ఫ్యాన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోంది అనుకోండి, అంటే సెకనుకు 50. ఒక బ్లేడ్ కొంచెం అరిగినా, ఒక పక్కకు కొన్ని గ్రాముల తేడా వచ్చినా, సెకనుకు 50 తోపులు. మీ ఫోన్‌లో ఒక పక్క బరువున్న మోటర్ గుర్తుందా? ఇదీ అదే, కాకపోతే ఇక్కడ మనకు అక్కర్లేనిది. అందుకే ఇంజిన్‌కు వైబ్రేషన్ సెన్సర్లు ఉంటాయి, ఆ రీడింగ్ కాక్‌పిట్‌లో కనిపిస్తుంది. ఎక్కువైతే టెక్నీషియన్లు ఫ్యాన్ దగ్గర చిన్న బరువులు మార్చి బ్యాలెన్స్ చేస్తారు. టైర్ షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు సీసం ముక్క అంటిస్తారు చూడండి, అలాగే.

మెకానికల్ చదివి "ఈ సబ్జెక్ట్ ఎక్కడ పనికొస్తుంది" అనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ పనికొస్తుంది. మన ఊరి పక్కనే. అందరూ నాలాగా సాఫ్ట్‌వేర్‌లోకి రావాలని లేదు.

మీరు చేసి చూడండి

ఫిఫాక్స్ అనే ఫ్రీ యాప్ ఉంది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేశారు. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది. ఫోన్‌ను వాషింగ్ మెషీన్ మీదో, ఆగి ఉన్న బస్సు సీటు మీదో పెట్టి ఆన్ చేయండి. గ్రాఫ్‌లో ఎక్కడ శిఖరం లేస్తే అదే ఆ మెషీన్ తాళం. బట్టలు పిండేటప్పుడు మెషీన్ స్పీడ్ అందుకుంటూ మధ్యలో ఒక్కసారి దడదడలాడి, తర్వాత సర్దుకుంటుంది కదా. అది రెజొనెన్స్ దాటుతున్న క్షణం. మీ కళ్లతో చూడొచ్చు.

ఇక అమ్మ సంగతి. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు కూర్చోబెట్టి ఇదంతా చెప్పా. స్టీల్ స్కేలు వంచి చూపించా, మెలి తిప్పి చూపించా. అమ్మ చిన్నప్పుడు ఊళ్లో కోలాటం ఆడేది. కాసేపు ఆలోచించి, "అంటే ఊగుడు తప్పు గాదు. వంగుడు, మెలి, రెండింటి తాళం కలుసుడే తప్పు. గంతేనా?" అంది.

గంతే అమ్మా. నా సెమిస్టర్ ఆన్సర్ షీట్‌లో నాలుగు పేజీలు రాసినా ఈ మాట లేదు.

వచ్చే నెల తిరుపతికి వెళ్దాం అంటోంది, ఫ్లైట్‌లోనే. మళ్లీ విండో సీట్ కావాలట.

మీ ఇంట్లో ఎవరైనా అడిగి, మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఉంటే కామెంట్‌లో పెట్టండి. మీ సబ్జెక్ట్ ఏదైనా పర్లేదు. ఒకటి తీసుకుని ఇలాగే వెతుకుదాం. ఉంటా మరి, ఇంకో ఫ్లైట్ లేస్తోంది.